బిడ్డనెత్తుకునే ముందు

మాటలు ఆమెవే. గొంతు మాత్రం ఆమెది కాదు.

మొన్న కోతల్లో మా అన్నయ్య మిరప చేలోకి వెళ్లాను. అద్దంకి పోయే రోడ్డు పక్కనే ఉంటుంది చేను. ఈ ఏడు ఊళ్లో కూలీలు దొరక్క, కర్నూలు వైపు నుంచి వలస వచ్చినవాళ్లను పెట్టుకున్నాడు. అన్నాల వేళకు వాళ్లకు మంచినీళ్ల క్యాన్లు దింపుదామని బండి ఆపాను. గట్టు మీది తుమ్మచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి ఉంది. అందులో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి సాళ్లలోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇరవై ఏళ్లు నిండాయో లేదో. వచ్చింది గానీ బిడ్డ దగ్గరకు పోలేదు. చీర మీద తొడుక్కున్న మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా విప్పి దూరంగా కంప మీద పడేసింది. వేలి కణుపుతో ఫోను నొక్కి నేల మీద పరిచిన పట్టా మీద పెట్టి, సీసాలోంచి నూనె ఒంపుకుని వేళ్ల సందుల్లో రుద్దుకోసాగింది. ఫోన్లో ఎవరో పెద్దావిడ సీమ యాసలో నిదానంగా చెబుతోంది.

“ఆగు తల్లీ. బిడ్డను ముట్టుకోవాకు. ఏడిస్తే ఏడ్సనీ. ఏడుపుతో యా బిడ్డా చావదు. ముందు నీ చేతుల సంగతి చూసుకో.”

క్యాను భుజం మీద ఉందన్న సంగతి కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. ఆ మాటలు మొట్టమొదట విన్నవాణ్ణి నేనే. మా ఊరి పిన్ని చెప్తుంటే నా చేత్తో నేనే రికార్డు చేశాను. ఆమె పోయి ఇప్పటికి మూడో ఏడు.

పిన్ని అంటే రక్తసంబంధం ఏమీ లేదు. చిలకలూరిపేట దాటాక మా ఊరి సెంటర్లో నాకు చిన్న సెల్ షాపు ఉంది. ఆమెది ఊరి చివర చర్చి వెనక ఇల్లు. పెద్దవాళ్లను ఏదో ఒక వరసపెట్టి పిలుస్తాం కాబట్టి నాకు ఆమె పిన్ని, ఆమె భర్త బాబాయ్. ఆమె పత్తి తీతకు వెళ్లేది, మిరప కోతకు వెళ్లేది, కోతలయ్యాక కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరేది. ఏడాదిలో సగం రోజులు ఆమె వస్తోందంటే ముందు ఘాటు వచ్చేది, వెనక మనిషి వచ్చేది.

నా షాపు అద్దం తలుపును ఆమె చేత్తో తొయ్యగా నేనెప్పుడూ చూడలేదు. భుజంతో తోసుకుని లోపలికి వచ్చేది. ఏదైనా చూపించాలంటే మోచేత్తో చూపించేది. నుదుటి మీద వెంట్రుకలు పడితే ముంజేత్తో వెనక్కి నెట్టుకునేది. ఎవరినైనా ఆప్యాయంగా తట్టాలన్నా మణికట్టుతోనే.

“ఏం పిన్నీ, చేతులు ఇంట్లో మర్చిపోయి వచ్చావా?” అనేవాణ్ణి.

“నోరు మూసుకో అబ్బాయ్. ఇవి చేతులు కావు, ఎండుమిరగాయలు. నీ కంట్లో పెడతా చూస్తావా?” అనేది.

ఇంకో అలవాటుండేది. ఎవరి బిడ్డనైనా ముట్టుకునే ముందు కుడిచేతి చూపుడువేలు పెదవికి తాకించుకుని ఒక్క క్షణం ఆగేది. ఆదివారం ఆరాధన దగ్గర కూడా అంతే. కోతల్లేని ఆషాఢంలోనూ అంతే. అదేదో భక్తి అనుకుని చాలాకాలం నేను ఊరుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

“దేవుడికి దణ్ణమా పిన్నీ?”

“దేవుడికి కాదురా, చంటోడికి. నా పెదవికి మండితే వాడికీ మండుద్ది. మండకపోతే ఎత్తుకుంటా. అంతే.”

మిరప పొలాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణే అయినా ఈ సంగతి నాకు తట్టలేదు. మా ఇళ్లలో మగవాళ్లం మిరపకాయను కల్లంలో చూస్తాం, టిక్కీ బస్తాల్లో చూస్తాం, మిర్చి యార్డులో ధర పలికేటప్పుడు చూస్తాం. రోజంతా కాయ కోసిన చేతులతో ఇంటికి వెళ్లి బిడ్డకు పాలివ్వడం అనే సమస్య ఒకటుందని ఎవరికి గుర్తుంటుంది? నీళ్లతో కడిగితే పోయే ఘాటు కాదది. వేడినీళ్లు పోస్తే ఇంకా రాజుకుంటుంది. చీరకు ఉంటుంది, రవికెకు ఉంటుంది, చెమటతో కలిసి ఒంటికి పడుతుంది. ఆ సంగతి తెలియని పసిబిడ్డ పాలకోసం నోరు తెరుస్తుంది.

పిన్నికి కోపం ఎక్కువ. ఈ విషయంలో మరీ ఎక్కువ. ఒకసారి బస్టాపులో, కోతల నుంచి వచ్చిన కూలామె ఎవరో కొంగుతో బిడ్డ ముక్కు తుడుస్తుంటే రోడ్డు ఇవతలి నుంచే కేకేసింది.

“ఏయ్! ఆ కొంగుతో తుడవమాక! పసిదాని మొకం తగలబెడతావా?”

ఆమె కూడా తక్కువదేం కాదు. “నా బిడ్డ, నా కొంగు, మధ్యలో నీకేందమ్మా?” అంది. మాటా మాటా పెరిగింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా పిన్నినే తప్పుబట్టారు. ఎవరో ఆమె కులం కూడా ఎత్తారు. పిన్ని నా షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. మొహం మాడిపోయి ఉంది. ఆమెను అలా చూడటం నాకు బాధనిపించింది.

“అరిస్తే వినరు అబ్బాయ్. నిదానంగా చెప్పాల. నిదానంగా చెప్పటం నాకు పుట్టుకతోనే రాలేదు.” అద్దాల పెట్టెలోని ఫోన్ల వంక మోచెయ్యి చూపించి అడిగింది. “దీంట్లో మాట పట్టొచ్చంట గదా? కోపంగా వస్తే చెరిపేసి మళ్లీ చెప్పొచ్చంట గదా?”

అలా మొదలైంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఒక గది, ముందు వసారా. బాబాయ్ గడప పక్కన మేకలకు సుబాబుల్ మండలు కడుతున్నాడు. ఆయన మాట తక్కువ మనిషి. ఇద్దరి మాటలూ కలిపి పిన్నే మాట్లాడేసేదని ఊళ్లో అనుకునేవాళ్లు. నేను ఫోను ఆమె ముందు ముక్కాలిపీట మీద పెట్టాను. మొదటిసారి తిట్టులాగే వచ్చింది. చెరిపేశాను. రెండోసారి ప్రార్థనలాగా వచ్చింది, ఆమెకే నచ్చలేదు.

“ఇట్టా కాదులే. ఎదురుగా ఓ పిల్ల కూచున్నట్టు అనుకుంటా. తొలిచూలు పిల్ల. తల్లి దగ్గర లేదు. భయపడతా ఉంది.” అని కళ్లు మూసుకుంది. ఆ తర్వాత వచ్చిన గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆగు తల్లీ అని మొదలుపెట్టి, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. పైచొక్కా ఇంటి బయటే విప్పు. ముందు నీళ్లు ముట్టుకోకు, నూనె రాయి, గోళ్ల సందుల్లోకి పోయేలా రాయి, పాతగుడ్డతో తుడువు, అప్పుడు సబ్బుపెట్టి చన్నీళ్లతో కడుగు. మళ్లీ ఒకసారి అట్లాగే చెయ్యి. చేలో కట్టుకున్న చీరతో ఉయ్యాల కట్టకు. రొమ్ము తడిగుడ్డతో తుడుచుకో. వేలు పెదవికి తాకించి చూడు. బిడ్డ కంట్లో పడితే నలపకు, మంచినీళ్లు ధారగా పొయ్యి, అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకుపో. బిడ్డ ఒకసారి రొమ్ము విడిచిందని డబ్బాపాలకు పోకు. శుభ్రం చేసుకుని మళ్లీ ఇవ్వు. మళ్లీ ఇవ్వు తల్లీ, విసుగుపడకు.

అక్కడికి వచ్చేసరికి బయట గాలి రేగింది. ఆ ఇంటి తలుపుకు కింది మడతబందు వదులు. గాలొస్తే గోడకు కొట్టుకుంటుంది. పిన్ని కళ్లు తెరవకుండానే, గొంతు మార్చకుండానే అంది.

“ఏమయ్యా, ఆ తలుపు దగ్గరకెయ్యి. గాలి కొడతంది.”

బాబాయ్ మండలు వదిలేసి లేచి తలుపు దగ్గరకు వేశాడు. “వేశానే. చెప్పు” అన్నాడు మెల్లగా. అంత మెల్లని మాట ఫోను పట్టుకోలేదు. రికార్డులో అక్కడ ఖాళీ మాత్రమే ఉంది. పిన్ని మళ్లీ అందుకుని చివరి రెండు మాటలూ చెప్పి ముగించింది.

తలుపు మాట కత్తిరిస్తానంటే ఒప్పుకోలేదు. “కత్తిరిస్తే ముందరిదీ వెనకదీ చెడుద్దేమో, ఉండనియ్. ఏం, నా మొగుడికి నేను చెప్పుకోకూడదా?” అంది. బాబాయ్ తల దించుకుని నవ్వుకున్నాడు.

నేనప్పుడు నా తెలివి చూపించాను. ఇదేదో మిరప కూలీలందరికీ పనికొచ్చేటట్టు చెయ్యి పిన్నీ, మగవాళ్లకూ ఇళ్లల్లో కారం కొట్టేవాళ్లకూ కలిపి చెప్తే ఎక్కువమంది వింటారు అన్నాను.

“అందరికీ చెప్పటానికి పాస్టరు గారున్నారు. నేను చెప్పేది చంటిబిడ్డ తల్లికి. అదీ మిరప కోతకు పోయేదానికి. దాన్ని నువ్వూ వినక్కర్లా.”

“పోనీ కొంచెం భయపెట్టేదేదైనా చెప్పు. అప్పుడు బుద్ధిగా వింటారు.”

పిన్ని నా వంక చూసింది. బాబాయ్ లేచి మేకల దగ్గరకు వెళ్లిపోయాడు. ఆయన వెళ్లేదాకా ఆగి చెప్పింది.

“భయపెట్టాలంటే నా దగ్గర ఉందయ్యా. మా పెద్దది. ఆడపిల్ల. కోత నించి వచ్చేటప్పటికి గుక్కపట్టి ఏడుస్తా ఉంది. ఆగలేక ఎత్తుకున్నా. అట్టాగే పాలిచ్చా. నోరు మండి ఇదిలించుకుంది చూడూ... మళ్లీ పట్టుకోలేదు. ఎన్నిసార్లు ఇచ్చినా మొకం తిప్పుకునేది. డబ్బాపాలు పట్టాం. ఇరోచనాలు పట్టుకున్నయ్. ఆ కోతలు అయ్యేదాకా కూడా లేదు.” బాబాయ్ వెళ్లిన వైపు చూసింది. “ఏడ్చినందుకు చచ్చేది కాదు అబ్బాయ్. ఇంకో గడియ ఏడ్చేది, అంతే. కానీ ఇది అందులో పెట్టమాక. భయపెడితే భయమే గుర్తుంటది. చెయ్యాల్సిన పని గుర్తుండదు.”

తర్వాత వాళ్లకు ఒక కొడుకు పుట్టాడు. ఇప్పుడు పేటలో స్పిన్నింగు మిల్లుకు పోతుంటాడు. కానీ ఆ పెద్దదాని మాట నాతో ఆ తర్వాత ఆమె ఎప్పుడూ ఎత్తలేదు.

అవి కూలీలు మెమరీ చిప్పుల్లో పాటలు ఎక్కించుకునే రోజులు. కోతల కాలంలో సాయంత్రమైతే షాపు నిండా జనం. ఎవరు చిప్పు ఇచ్చినా పాటల ముందు పిన్ని మాట ఎక్కించేవాణ్ణి. ఆడవాళ్ల చిప్పుల్లోనే వెయ్యమంది ఆమె. ఏ చిప్పు ఎవరిదో నాకేం తెలుసు, అన్నింట్లోనూ వేసేవాణ్ణి. కుర్రాళ్లు వచ్చి గొడవ పెట్టేవాళ్లు. “ఏందన్నా ఇది, ఊపున్న పాట అని నొక్కితే ఎవరో పెద్దావిడ రొమ్ము తుడుచుకోమంటంది!” అని ఒకడు నా మీదికి వచ్చాడు. పిన్ని అక్కడే ఉంది. “నీక్కాదులేరా, రేపు నీ పెళ్లానికి. ఉంచుకో” అంది. షాపంతా గొల్లుమంది.

ఎంతమందికి చేరిందని ఆమె ఏనాడూ అడగలేదు. అప్పుడప్పుడు భుజంతో తలుపు తోసుకుని వచ్చి ఒక్కటే అడిగేది. “చంటిపిల్ల తల్లి ఎవతన్నా వచ్చిందా?” వచ్చింది పిన్నీ అంటే తలూపి వెళ్లిపోయేది. ఆమెకు అది చాలు. నాకు మాత్రం ఇంతోటి దానికి ఇంత తాపత్రయమా అనిపించేది.

చిప్పుల కాలం పోయింది. ఎవరి ఫోన్లో వాళ్లే పాటలు వింటున్నారు. ఒక వేసవిలో ఈదురుగాలి వానకు కరెంటు ఎక్కువ తక్కువై నా కంప్యూటరు మాడిపోయింది. అందులో ఉన్నవన్నీ పోయాయి. పెళ్లి ఫోటోలు పోయినవాళ్లు తిట్టిపోశారు. పిన్ని మాట పోయిందన్న సంగతి అప్పుడు నాకు గానీ, ఆమెకు గానీ గుర్తు రాలేదు. అప్పటికే ఆమెకు దగ్గు పట్టుకుంది. ఎన్నో ఏళ్ల కల్లాల దుమ్ము. మాట్లాడబోతే దగ్గు, నవ్వబోతే దగ్గు. చివరికి అంత నోరున్న మనిషి సైగలతో సరిపెట్టుకుంది. ఓ పొద్దున ఇంట్లోనే పోయింది.

కోతలు జరుగుతున్న రోజులవి. కబురు తెలిసి ఆడవాళ్లు చేలల్లోంచే వచ్చారు. ఆఖరిసారి మొహం తాకబోతూ ఒక్కొక్కరూ వేలు పెదవికి ఆనించుకుని చూసుకున్నారు. మండినవాళ్లు మణికట్టుతో తాకి పక్కకు తప్పుకున్నారు. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు.

నెల తిరక్కముందే బాబాయ్ షాపుకు వచ్చాడు. ఆయన అంతకుముందు ఒక్కసారి కూడా రాలేదు. అద్దం తలుపు ఎటు తొయ్యాలో తెలియక కాసేపు తంటాలు పడ్డాడు.

“మీ పిన్ని మాట పట్టావు గదా అబ్బాయ్. ఒక్కసారి ఇనిపించు.”

విషయం చెప్పాను. అర్థమైనట్టు లేదు.

“ఫోటో ఉందిలే. మావాడు పెద్దది చేయించాడు. అది మాట్టాడదు గదా” అన్నాడు.

ఆ మాటతో నేను ఊరంతా తిరిగాను. పాత చిప్పులున్నవాళ్లందరినీ అడిగాను. కొన్ని పాడైపోయాయి, కొన్నింట్లో పాటలే మిగిలాయి, మా ఊరివాళ్లు ఎప్పుడో కంఠతా వచ్చేసిందని చెరిపేసుకున్నారు. బాబాయ్ మేకల్ని తోలుకుపోతూ షాపు ముందు ఆగేవాడు. “దొరికిందా?” అనేవాడు. కొన్నాళ్లకు అడగటం మానేసి, ఊరికే నా మొహం వంక చూసి వెళ్లిపోయేవాడు. అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

ఇన్నాళ్లకు అన్నయ్య చేలో ఆ మాటలు విన్నాను. ఆ పిల్ల చేతులు రెండోసారి కడుక్కుని, వేలు పెదవికి తాకించుకుని, బిడ్డను తీసి ఒళ్లో వేసుకుంది. ఏడుపు ఆగింది. నేను అటు తిరిగి నిలబడి అడిగాను.

“ఎవరిదమ్మా ఆ గొంతు?”

“మా పెద్దమ్మది సార్. ఆయమ్మ ముందు ఈ తట్టే కోతలకు వస్తాండె. యాడో చిప్పులో ఎక్కించుకున్యాదంట. చిప్పు పాడైపాయ. మొత్తం నోటికి వచ్చు గదా, మళ్లా తనే చెప్పి ఫోన్లో పెట్టె. మా ఊర్లో బాలింతలు ఎవురు కోతకొచ్చినా ఇది పంపిస్తాది.”

ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది. మళ్లీ ఇవ్వు తల్లీ, విసుగుపడకు అంది. ఆ వెంటనే, అదే గొంతుతో అంది.

“ఏమయ్యా, ఆ తలుపు దగ్గరకెయ్యి. గాలి కొడతంది.”

అంత సీమ యాస మధ్యలో ఆ ఒక్క ముక్క అచ్చం మా ఊరి మాటే. తర్వాత ఖాళీ. పిన్ని ఎంతసేపు ఆగిందో అంతసేపూ ఆవిడా ఆగింది.

“అదేందమ్మా, తలుపు?” అన్నాను.

“కల్లం మీది గాలి బిడ్డకు తగలకుండా మూసుకోమని సార్. మొగోనికి చెప్పల్లంట, మన చేతులు తలుపుకు అంటుకోకుండా. మాకు గుడారాలే గదా, పట్టా దించుకుంటాం.” అంటూ ఆ పిల్ల ఉయ్యాల అవతలున్న భర్తను పిలిచింది. అతను వచ్చి, కొమ్మకు చుట్టి ఉన్న పట్టాను కల్లం వైపు గాలికి అడ్డంగా దించి వెళ్లాడు. రోజూ చేసే పనే అన్నట్టు వెళ్లాడు.

ఆ పిల్ల చేత అది నా ఫోనుకు పంపించుకున్నాను. దారి పొడుగునా ఒకటే గుంజాటన. బాబాయ్ అడిగింది పిన్ని గొంతు. నేను పట్టుకుపోయేది ఎవరో పరాయి మనిషి గొంతు. పిన్ని దీన్ని వింటే పొంగిపోయేది, అందులో నాకు సందేహం లేదు. గొంతు పోతే పోయిందిలేరా, ఆ పిల్ల బిడ్డనెత్తుకునే ముందు ఆగిందా లేదా అనేది. కానీ బాబాయ్‌కి కావలసింది అది కాదు. ఇది వినిపిస్తే ఉన్న ఆశ కూడా పోతుందేమో. వినిపించకపోతే ఆయన రేపు మళ్లీ షాపు ముందు ఆగి నా మొహం చూస్తాడు.

బాబాయ్ గదిలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. గోడ మీద పిన్ని ఫోటో. ఫోను ఆ పాత ముక్కాలిపీట మీదే పెట్టాను.

“దొరికిందా?” అన్నాడు, చాలాకాలం తర్వాత.

“విను బాబాయ్. కానీ...”

ఆగు తల్లీ అని మొదలైంది. ఆయన ముందుకు వంగాడు. రెండు మాటలకే వెనక్కి జరిగాడు.

“ఇది మీ పిన్ని కాదు.”

“కాదు బాబాయ్. ఎవరో కర్నూలామె. పిన్ని చెప్పిందే అప్పజెప్తోంది.”

“మంచిదే” అన్నాడు. ఇంటికొచ్చిన మనిషిని నొప్పించకూడదన్నట్టు కూర్చుని వింటున్నాడు. కళ్లు మాత్రం ఫోటో మీద ఉన్నాయి. నూనె అయింది, సబ్బు అయింది, ఉయ్యాల అయింది. అనవసరంగా తెచ్చాననిపించింది. ఆపేద్దామని చెయ్యి చాచాను.

“ఏమయ్యా, ఆ తలుపు దగ్గరకెయ్యి. గాలి కొడతంది.”

బాబాయ్ తలెత్తాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. బయట ఆకు కూడా కదలడం లేదు. ఆయన వెళ్లి ఆ వదులు తలుపును రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరకు వేశాడు. ఫోన్లో ఇంకా ఖాళీయే ఉంది.

“వేశానే” అన్నాడు. “చెప్పు.”